తవిటమ్మ హాజరు

అదేటి మేడమ్, అప్పుడే సంచీ భుజానికేసేసేరు? ఆగండి, ఆగండి. మీ శ్రీకాకుళం బస్సు పోతే దాని ఎనకాల ఇంకో బస్సు వస్తాది. నాకు అలగ కాదు. రెండింటి రైలు నౌపడ టేసన్ దాటిపోయిందంటే మరి నా గుంట నాకు దక్కదు.

ఏ గుంటంటారా? ఓలమ్మో! జూన్ నుంచి ఈ ఏప్రిల్ దాకా మీ ఎదర కూకున్న గుంటండీ. ఆరో తరగతి, ఆడపిల్లల వరసలో రెండో బల్ల, గోడ వార. మీరు పేరు మార్చి తన్వీ అని పిలుస్తారు. అది పలకదు. మీరు రానట్టు రాసేస్తారు.

ఆఁ, అదే. తవిటమ్మ. అది నా మనవరాలు.

మీకు తెలీదు కదా? నాకూ తెల్సు, మీకు తెలీదని. మీకు నాను వంట నారాయణమ్మని. సాంబారులో ఉప్పెక్కువైతే గుర్తొచ్చే మనిషిని. తప్పు పట్టట్నేదు తల్లీ. బడి ఎనకాల షెడ్డులో పొగలో ఉన్నదాని మొహం ఎవులికి కనపడతాది?

ఒసే అమ్మడూ! ఆ డేగిసాలు తరవాత తోముదువుగానీ, ఇలగొచ్చి కూకో. నువ్ నాకు సాక్షివి. నలుగురు ఎదర నేకపోతే నాకు మాట సాగదు మేడమ్. శనివారం శనివారం రామమందిరంలో భజన సెప్పేది నానే. తాళాలు పట్టుకుని జనాన్ని సూసేనంటే ఆ రాముడే వచ్చి నా నాలిక మీద కూకుంటాడు. ఈవేళ రానేదు. మీరొక్కలూ, ఈ అమ్మడూ. సరే, ఈపాటి జనం సాల్లెండి.

నిన్న పొద్దున మా అల్లుడు దిగేడు. ధనరాజ్ అని, మద్రాసులో సెంట్రింగు పని. పండగ నేదు, పబ్బం నేదు, ముందొక కబురు నేదు. గుమ్మంలోకి వచ్చి సెప్పులైనా ఇప్పనేదు. ఫోను నా కళ్ళ ముందెట్టి "ఇదేటత్తా?" అన్నాడు.

నాకేటి తెలుస్తాది? అన్నీ ఇంగిలీసు ముక్కలు. ఏలితో పైకి తోస్తన్నాడు, తోస్తన్నాడు, ఎంత తోసినా తరగట్నేదు. రోజుకొకటి. జూన్ నుంచీ బడి తరపున ఆడి ఫోనుకెళ్ళిన మెసేజీలు. ఆడికీ ఇంగిలీసు రాదు కదా, ఇన్నాళ్ళూ రీచార్జీ అయిపోతందని కంపెనీవోడు ఏడుస్తన్నాడు అనుకున్నాడట. మొన్న మేస్త్రీ కొడుకు సదివి సెప్పేడు. "అన్నా, నీ కూతురు ఈవేళ బడికి రానేదంట. నిన్నా రానేదంట. మొన్నా రానేదంట."

పన్నెండేళ్ళ ఆడపిల్ల మేడమ్. పొద్దున్నే సంచీ తగిలించుకుని ఇంట్లోంచి బయలెళ్తాది. బడి ఒగ్గే యేళకి ఇంటికొస్తాది. బడిలో మాత్రం నేదట. మరి తండ్రన్నవాడు ఏటనుకుంటాడు? మీకూ నాన్నగారున్నారు కదా, సెప్పండి.

"ఎక్కడికెళ్తన్నావు? ఎవులితో ఎళ్తన్నావు?" ఈ రెండు మాటలే అడిగేడు. కొట్టనేదు. కొట్టినా బాగుణ్ణు. పిల్ల నేల సూస్తా నిలబడిపోయింది. మళ్ళీ అడిగేడు. మళ్ళీ నేల. ఆడు గుమ్మంలోనే కూలబడిపోయి తల పట్టుకున్నాడు. మగోడు అలగ కూలబడితే సూడనేం తల్లీ.

నాను ఇద్దరి మద్దిలోకి ఎళ్ళేను. "బాబూ, నీకు దండం పెడతాను, రోజూ మజ్జానం దాని కంచంలో అన్నం ఏసేది నానే. అది బడిలోనే ఉన్నాది" అన్నాను. ఆడు నన్ను ఎలగ సూసేడో తెల్సా? కోపంగా కాదు, జాలిగా. "అత్తా, నువ్ దాన్ని ఎనకేసుకొస్తావని నాకు తెల్సు. బడోళ్ళు పంపిన మెసేజీ అబద్ధమూ, నీ మాట నిజమూనా?" అన్నాడు.

ఆడిదీ తప్పేటున్నాది? మీరు రాసింది అచ్చు. నాను సెప్పింది గాలి.

ఇప్పుడు పిల్లని ఒగ్గనంటన్నాడు. మద్రాసు పట్టుకుపోతాడట. సైటు కాడ రేకుల షెడ్డులో కళ్ళ ముందుంటాదట, ఇసకా ఇటుకా అందిస్తాదట. పెద్దమనిషైనాక ఆళ్ళక్క కొడుకున్నాడు, ఆడికి కట్టబెట్టేస్తాడట. సదువు మాటెత్తితే, "బడికెళ్ళని పిల్లకి సదువేటత్తా?" అంటాడు. పొద్దున్నే గుడ్డలు మూటకట్టేడు. ఈపాటికి టేసన్లో సిమెంటు బల్ల మీద కూకునుంటారు ఇద్దరూ, మాటా మంతీ నేకుండా.

అందుకని మీరు రావాల. ఒంటిపూట బడి కాబట్టి బతికేను, నేకపోతే ఈ యేళకి మిమ్మల్ని క్లాసులోంచి ఎలగ లాగేదాన్ని? గేటు కాడ కొండబాబు ఆటో ఉన్నాది, నానే ఆపేను. ఉప్పు మళ్ళ గట్టు మీంచి కొడితే పావుగంట. మా అల్లుడి ఎదర నిలబడి ఒక్క మాటనండి. "పిల్ల రోజూ బడికొచ్చింది, నేనే రానట్టు రాసేను." అంతే. మళ్ళీ అదే ఆటోలో మిమ్మల్ని బస్సెక్కించే పూచీ నాది.

ఏటి?

పలకనోళ్ళకి అలగే రాస్తారా?

తెల్సు తల్లీ. నిన్న పిల్లలు సెప్పేరు మీ రూలు. పేరు పిలవగానే లేసి ఇంగిలీసులో "ప్రెజెంట్ మేడమ్" అనాల. అననోళ్ళు క్లాసులో నేనట్టే. అలగైతేగానీ ఈళ్ళు నోరు తెరవరని మీ నమ్మకం. తెరిసేరు కూడా సాలామంది. కాదన్ను.

అయితే ఒక్కటి అడుగుతాను, కోప్పడకండి. మజ్జానం గుడ్డు పెట్టేటప్పుడు అది వరసలో మీ పక్కనే ఉంటాది. "లైను, లైను" అని భుజం మీద సెయ్యేసి నిలబెట్టేది మీరే. పొద్దున నేని పిల్ల మజ్జానానికి ఎక్కడినుంచి ఊడిపడింది? పరీక్ష రాస్తాది. పేపరు మీద తవిటమ్మ అని రాసుకుంటాది. మీరు మార్కులేస్తారు. ఆ మార్కులు ఎవులికేసేరు మేడమ్?

తల దించుకోకండి. నాను మిమ్మల్ని తిట్టడానికి రానేదు. బతిమాలడానికొచ్చేను. బతిమాలడం కూడా నా నోట్లో తిట్టులాగే వస్తాది, అది మా ఊరి నీళ్ళ దోషం.

మెమో ఇస్తారని భయమా? నాను కాయితం మీద రాసిమ్మని అడగట్నేదు. నోటిమాట. ఆ టేసన్లో ఇనేది ఎవులు? నానూ, నా అల్లుడూ, ఆ గుంటా. కావాలంటే కొండబాబుని ఆటో కాడే ఆపేస్తాను, ఆడి సెవులు పెద్దవి.

మా ఇంటెదురు అసిరయ్యని సూడండి. మీరు ఆశిష్ అన్నారు. ఆ పూట ఇంటికొచ్చి ఆళ్ళమ్మతో "మమ్మీ, అయామ్ ఆశిష్" అన్నాడట. ఆయమ్మ గేదికి కుడితి పెడతన్నాది. "మీ నాన్నకి సాయంత్రమైనా అయితేగానీ ఎక్కదు, నీకు మజ్జానమే ఎక్కిందేటిరా?" అని సీపురుకట్ట తీసింది. వీధంతా నవ్వుకున్నాం. నువ్ మళ్ళీ నవ్వకే అమ్మడూ, అయినది సాలు. అసిరితల్లి పేరెట్టుకున్నోడు ఆశిష్ అయిపోయేడు, ఆ తల్లికి కోపం రానేదు. ఆడికి సాగింది. అందరికీ అలగ సాగదు మేడమ్.

మీరు మంచికే మార్చేరు, నమ్ముతాను. "తవుడేటి, పేరేటి? రేపు పెద్ద కాలేజీకెళ్తే నవ్వరా?" అనుకునుంటారు. మీది ఇజీవాడ వైపు కదా, మీ వైపు ఇలాటి పేర్లు ఉండవేమో. పోనీ, ఒక్కసారి దాన్నే అడగనేకపోయేరా, "నీకు ఈ పేరెందుకెట్టేరమ్మా?" అని?

అడగనేదు. సరే, నాను బేగి సెప్పేస్తాను.

మా భవాని అని, నాకొక్కగానొక్క కూతురు. ధనరాజ్ పెళ్ళాం. దానికి వరసగా ముగ్గురు పుట్టి పోయేరు. మొదటోడు పురిట్లోనే. రెండోది ఇరవైయొక్క రోజులు. మూడోవోడు పాకతా పాకతా ఉండగా జొరమొచ్చి. నాలుగోది కడుపులో పడినప్పుడు నాను అసిరితల్లి గుడి మెట్టు మీద నుదురు బాదుకున్నాను.

అది పుట్టగానే, ఇంకా కళ్ళు తెరవకముందే, సేటలో ఏసి తీసికెళ్ళి పెంటకుప్ప మీద పెట్టేం. ఏటలా సూస్తారు? మా వైపు అంతే. పక్కింటి జగ్గమ్మ ఏమీ తెలీనట్టు అటొచ్చి, "ఓలమ్మ, ఎవుల పిల్లో ఇక్కడ పడున్నాది" అని ఎత్తుకుని ఆళ్ళింటికి పట్టుకుపోయింది. మూడోనాడు మా భవాని, పచ్చి బాలింత, గోడ పట్టుకుని నడుసుకుంటా ఎళ్ళి ఆళ్ళ గుమ్మంలో నిలబడింది. "జగ్గమ్మత్తా, నీకాడ ఒక పిల్లున్నాదట, ఇస్తావా?" "ఇస్తాను, ఏటిస్తావు?" "మానెడు తవుడిస్తాను." తవుడు కొలిసి పోసి తన పిల్లని తనే కొనుక్కుని తెచ్చుకుంది.

అందుకని తవిటమ్మ.

యముడి కాడా ఒక హాజరు పట్టీ ఉంటాది మేడమ్, మీ కాడున్నట్టే. ఆడూ రోజూ పేర్లు పిలుస్తాడు. మంచి పేర్లు, ముద్దు పేర్లు, కడుపు పంట పేర్లు, అవన్నీ ఆడికిష్టం. పలికినోళ్ళని పట్టుకుపోతాడు. తవుడిచ్చి తెచ్చుకున్నదాన్ని ఆడేటి సేసుకుంటాడు? "గొడ్ల దాణా ఇది, మనకెందుకు" అని పేజీ తిప్పేస్తాడు. పన్నెండేళ్ళు నిండేదాకా పిల్ల ఆ పేరుతోనే ఉండాల. ఇంకో పేరుకి పలకకూడదు. నిండినాక జగ్గమ్మా మేమూ అసిరితల్లి కాడికెళ్ళి మళ్ళీ తవుడు కొలిసి మొక్కు దింపుతాం. అప్పుడు మీరు తన్వి అనండి, మహారాణి అనండి, మీ ఇష్టం.

నవ్వుకుంటే నవ్వుకోండి. సదూకున్నోరు. కానీ నలుగురిలో అదొక్కత్తే బతికింది. ఆ పేరు దానికి మెళ్ళో తాయెత్తు తల్లీ. మీరు మొదటిరోజే పుటుక్కున తెంపేసి, అందమైనదేదో కట్టేరు.

దానికి ఇంగిలీసు రాదనుకుంటన్నారు కదా?

సాయంత్రం నాను పొయ్యి కాడ కూకుంటే ఎదర పీటేసుకుని నాకు పాఠం సెప్తాది. మీ గొంతుతోనే. మీరు సెయ్యి ఎలగ తిప్పుతారో అలగే తిప్పుతాది. "ది సన్ రైజెస్ ఇన్ ది ఈస్ట్. రిపీట్, అమ్మమ్మా" అంటాది. నాను "రిపీట్" అంటాను. "రిపీట్ అనకు, సన్ అను!" అని గరిటె పట్టుకుని కొట్టడానికొస్తాది. అరవయ్యేళ్ళ ముండని, నాకు పొగని స్మోక్ అనాలని అదే నేర్పింది. ఓ రోజు అరసవిల్లి దేవుడికి ఇంగిలీసులో దండం పెట్టించింది నా సేత. ఆయనకి అర్దమైందో నేదో గానీ, ఆ వారం వాన కురిసింది.

ఆ పిల్ల మీ క్లాసులో మూగది!

ఎందుకంటే మీ ప్రతి ప్రశ్నా ఆ పేరుతోనే మొదలు. "తన్వీ, వాట్ ఈజ్ దిస్?" జవాబు దాని పళ్ళ ఎనకాలే ఉంటాది. ఇప్పితే ఆ పేరుకి పలికినట్టే. బిగబట్టుకుని కూకుంటాది. "దీనికి ఇంగిలీసూ రాదు, తెలుగూ రాదు" అన్నారట ఓ రోజు. అన్నారా? గుర్తునేదా? పోన్లెండి, రోజుకెన్ని మాటలంటాం.

మీకు ముందు వేంకటాచలం మేష్టారుండేవోరు. ఎత్తిపొడుపు కాదు, గుర్తొచ్చి సెప్తన్నాను. ఆయనా ఇంగిలీసే సెప్పేవోరు. కొత్త పిల్లలొస్తే మొదటి వారం పుస్తకం తెరిసేవోరు కాదు. "నీ పేరెవులెట్టేరు? ఎందుకెట్టేరు? ఇంటికాడ అడిగి రా" అనేవోరు. ఆళ్ళొచ్చి మన మాటలోనే, మన యాసలోనే సెప్పేవోళ్ళు. నవ్వితే ఊరుకునేవోరు కాదు. ఆ కథలోంచే ఒక్కో ముక్క ఇంగిలీసు సేసి ఆళ్ళ నోట్లో పెట్టేవోరు, సంటిపిల్లకి గోరుముద్ద పెట్టినట్టు. షెడ్డులోకి ఇనపడేది నాకు. కూర మాడ్చేసేదాన్ని ఇనుకుంటా ఇనుకుంటా.

ఏటన్నారు?

ఆ మాట అడుగుతారని నాకు తెల్సు. "ఇరవై అడుగుల దూరంలో ఉన్నావు కదా నారాయణమ్మా, జూన్‌లోనే వచ్చి నాతో ఒక్క ముక్క సెప్తే ఇంతదాకా రాకపోను కదా" అనే కదా?

అమ్మడూ, టైమెంతయిందే? ఒంటిగంట దాటిపోయిందా! సూసేరా మేడమ్. ఆటోలో మాటాడుకుందాం, లేవండి.

లేవరా? సెప్పేదాకా కదలరా?

భయమేసిందండీ. టీచరమ్మకి ఎదురు సెప్తే వంటపని పోతాదని. బీదోళ్ళం. సాలదా?

సాలదు. మీ మొహమే సెప్తన్నాది. అమ్మడు కూడా మూతి తిప్పుతన్నాది సూడండి. దానికి తెల్సు, బియ్యంలో పురుగులొచ్చినప్పుడు పెద్దాఫీసరు జీపుకి అడ్డంగా నిలబడి ఆ బియ్యం ఎనక్కి పంపించినదాన్ని నాను. నాకు భయమేటి?

నిజం సెప్పమంటారా? నాకు గర్వంగా ఉండేది.

బడి తెరిసిన రోజే ఇంటికొచ్చి సెప్పింది. "అమ్మమ్మా, కొత్త మేడమ్ నన్ను తన్వీ అన్నారు. నాను పలకనేదు." దాన్ని దగ్గరకి లాక్కుని ముద్దెట్టుకున్నాను. "నా బంగారుతల్లి, అలగే ఉండు" అన్నాను. ఆ శనివారం భజనలో ఒక కథ కట్టేను. ఓ దేశంలో ఒక సిన్నపిల్ల. రాజు పిలిసి, నీకు బంగారం లాటి పేరిస్తాను, పలుకు అంటాడు. పిల్ల పలకదు. కొరడా తీస్తాడు, పలకదు. తల్లి ఇచ్చిన పేరే నాకు దేవుడిచ్చిన పేరంటాది. జనం కళ్ళంట నీళ్ళు మేడమ్! "మళ్ళీ సెప్పు నారాయణమ్మా" అని నాలుగు వారాలు అడిగించుకున్నారు. అందులో రాజంటే మీరే. సెమించండి. కథ బాగా కుదిరింది. కథ కుదిరిందంటే నాను మరి అటూ ఇటూ సూడను.

మాఘమాసంలోనే దానికి పన్నెండు నిండేయి. మొక్కు దింపెయ్యొచ్చు. దింపనేదు. ఇదిగో అదిగో అన్నాను. నా కథ అయిపోతాదని కాబోలు.

మీరు రానట్టు రాస్తన్నారని మాత్రం నాకు తెలీదు. ఆ రాముడి మీద ఒట్టు, తెలీదు. అది నాకు సెప్పనేదు. సెప్తే నాను వచ్చి మీతో గొడవపడతాను, మీరు నా పని తీయించేస్తారు అనుకుందేమో. అది అన్నీ తనలోనే పెట్టుకుంటాది.

నిన్న మా అల్లుడి ఫోను సూసినాక, మిగతా పిల్లల్ని అడిగితే అంతా బయటపడింది. అప్పటికప్పుడు జగ్గమ్మని రెక్క పట్టుకుని లాక్కుని, పిల్లని తీసుకుని అసిరితల్లి కాడికెళ్ళేను. తవుడు కొలిసేం. పసుపునీళ్ళు సల్లేం. "అయిపోయింది తల్లీ. ఇంక ఏ పేరుకైనా పలకొచ్చు. ఎళ్ళి మీ నాన్నకి జరిగింది సెప్పు" అన్నాను. నమ్మకం కోసం నానే పిలిసేను. "తన్వీ" అని. నా నోటికి తిరగనేదు, అయినా పిలిసేను.

అది నా కొంగు పట్టుకుంది. గుప్పిట్లో నలిపేస్తన్నాది.

"నాను పలికితే నువ్ సచ్చిపోతావు కదా అమ్మమ్మా?" అంది.

కొండబాబు హారన్ కొడతన్నాడు. కొట్టనీండి. ఇది ఇనేసి వస్తే రండి, నేకపోతే మానేయండి. అమ్మడూ, నువ్ ఎళ్ళి డేగిసాలు తోముకోవే. ఎళ్ళు. దీనికి జనం వద్దు.

మా భవానికి కిడ్నీలు పోయేయి మేడమ్. మా వైపు కొత్త జబ్బు కాదు, ఇంటికొకలున్నారు. రెండేళ్ళు తిప్పేం. సూదులు, గొట్టాలు, రక్తం కడగడాలు. నెల ముందే డాక్టరుగారు నన్ను పక్కకి పిలిసి, "ఇంక ఇంటికి తీసుకెళ్ళమ్మా" అని సెప్పేసేరు. నాకు తెల్సు. సెవులారా ఇన్నాను.

పిల్లకప్పుడు అయిదేళ్ళు. ధనరాజ్‌కి ఆ తవుడు పేరు ఎప్పుడూ నచ్చనేదు. ఇంట్లో ఎవులూ ఇనకుండా రేఖా అని పిలుసుకునేవోడు. ఓ సాయంత్రం వీధిలోంచి అలగే పిలిసేడు. అది "ఆఁ, నాన్నా" అని పరిగెత్తుకుంటా ఎళ్ళింది. నాను సూసేను. మూడోనాడు భవాని పోయింది.

పదోనాడు సెరువు కాడినుంచి వచ్చినాక ఆ పిల్ల, "అమ్మ ఎప్పుడొస్తాది?" అని అడిగింది. ఇంటి ఎనక్కి తీసికెళ్ళేను. భుజాలు పట్టుకున్నాను. "నువ్ పలికేవు" అన్నాను. "ఆ పేరుకి నువ్ పలికేవు. నిన్ను పట్టుకోనేక మీ అమ్మని పట్టుకుపోయేరు. మళ్ళీ పలికేవంటే నన్ను పట్టుకుపోతారు" అన్నాను.

అయిదేళ్ళ పిల్లమ్మా.

ఎందుకన్నానంటే ఏటి సెప్పను? ఆ ఏడుపు ఎవులి మీదో ఒకలి మీద దించాల. దేవుడి మీద దించుదామంటే నా భక్తి అడ్డొచ్చింది. అల్లుడి మీద దించితే పిల్లని పట్టుకుపోతాడు. అదైతే సిన్నది. ఎదురు సెప్పదు.

నాను ఆ మాట మరిసిపోయేను మేడమ్. ఏడేళ్ళు. తింటన్నాను, తొంగుంటన్నాను, భజనలు సేస్తన్నాను. అది మరవనేదు. మీరు పొద్దున్నే పట్టీ తెరిసి పేరు పిలుస్తంటే, ఆ గోడ వార కూకుని, నన్ను బతికించుకుంటా ఉన్నాది. ఒక్క రోజు మానకుండా. నాను ఈ ఎనకాల షెడ్డులో చారు కాస్తా దాని మీద కట్టిన కథే పాడుకుంటన్నాను.

నిన్న ఆ తల్లి ఎదరే దాని కాళ్ళు పట్టుకున్నాను. "అబద్ధం తల్లీ, మీ అమ్మకి జబ్బు, నాను ఏడుపులో అన్నాను" అన్నాను. అది నా కళ్ళు తుడిసి, "సర్లే అమ్మమ్మా, ఏడవకు" అంటన్నాది. నన్ను ఓదారుస్తన్నాది! పలకమంటే మాత్రం పలకనేదు. ఈవేళ పొద్దున మూట సంకనెట్టుకుని గుమ్మం దాటతంటే ఎనకనించి "తవిటమ్మా" అని పిలిసేను. దాని సొంత పేరు. దానికీ తిరిగి సూడనేదు.

ఇదంతా ధనరాజ్‌కి సెప్పొచ్చు కదా అంటారు. ఏటని సెప్పను? నువ్ ముద్దుగా పిలుసుకున్న పేరు పట్టుకుని, నీ పెళ్ళాం సావుని నీ కూతురి నెత్తిన పెట్టేనని సెప్పనా? అందుకే మీ కాళ్ళ మీద పడ్డాను. మీ తప్పు ఎదరెట్టి ఎనకాల నాను దాక్కుందామని.

లేసేరా?

ఆటోకా, బస్సుకా? అడగన్లెండి.

మీరొస్తే మా అల్లుడు నమ్ముతాడు. సదూకున్నోరి మాట. పిల్లని ఒగ్గుతాడు కూడా. రేపు పొద్దున మీరు తవిటమ్మా అనే పిలుస్తారు, మన మాటలోనే అడుగుతారు, నాకు తెల్సు, మీ కళ్ళు సూస్తంటే తెలుస్తన్నాది. అది మిమ్మల్ని సూస్తాది. నోరు మూసుకునే ఉంటాది.

దానికి ఎవులు సెప్తే నమ్ముతాది మేడమ్? పుట్టి బుద్దెరిగినాక ఆ గుంట మనసారా నమ్మిన మాట ఇంతవరకూ ఒక్కటే. అది నాను సెప్పింది.